బండి మనది, తాళం కంపెనీది

“ఈసీఎం పోయింది, కొత్తది వేయాలి.” సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర ఈ మాట అనడానికి క్షణం పట్టదు. విన్న డ్రైవర్‌కు మాత్రం బతుకుతెరువు అక్కడితో ఆగినట్టే. ఈసీఎం, ఈసీయూ, ఇంజన్ కంప్యూటర్ అని రకరకాలుగా పిలిచే ఈ డబ్బా చిన్న పుస్తకమంత ఉంటుంది. చాలా కార్లకు కొత్తది కొనాలంటే పదుల వేలల్లోనే. బండి తిరిగిన రోజే పొయ్యి వెలిగే ఇంట్లో అంత డబ్బు ఉండదు. ఎక్కడో తెచ్చి కట్టినా, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ కిరాయి రాదు, కిస్తీ ఆగదు.

ఇది మెకానిక్కుల గొడవ కదా, దళిత హక్కులకు దీనితో ఏం సంబంధం అనేవాళ్లు ఉంటారు. గత పదేళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు దళిత కుటుంబాల చేతిలో పెట్టిన ఆస్తి చాలా చోట్ల బండి రూపంలోనే వచ్చింది. మూడెకరాల భూమి మాట వెనక్కి పోయాక కారు, ట్రాక్టర్, గూడ్స్ ఆటో ముందుకొచ్చాయి. ఆ ఆస్తి నడవాలా ఆగాలా అని తేల్చేది ఈ డబ్బా. ఆ డబ్బాను తెరిచి చూసే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది హక్కుల ప్రశ్నే.

ఇచ్చింది ఆస్తి, ఇవ్వనిది అజమాయిషీ

తెలంగాణలో 2021 ఆగస్టులో హుజూరాబాద్ నియోజకవర్గం నుంచి అమలు చేసిన దళిత బంధు కింద కుటుంబానికి 10 లక్షల రూపాయలు, బ్యాంకు అప్పుతో ముడిపెట్టకుండా ఇచ్చారు. చాలా కుటుంబాలు రవాణా వాహనాలు తీసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ కార్పొరేషన్ జాతీయ షెడ్యూల్డ్ కులాల ఆర్థికాభివృద్ధి సంస్థ రుణాలతో యువకులకు ఇన్నోవాలు ఇప్పించింది. తర్వాత ప్రభుత్వాలు మారాయి. 2023 ఆగస్టులో చేవెళ్ల సభలో కాంగ్రెస్ 12 లక్షల అంబేద్కర్ అభయహస్తం ప్రకటించింది. ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అన్నదాని చుట్టూనే మాటలన్నీ తిరిగాయి. ఇచ్చిన బండి ఐదో ఏట ఎలా నడుస్తుందన్నది ఏ పార్టీ ఎజెండాలోనూ కనపడదు.

2021లో రోడ్డెక్కిన బండ్లకు వారంటీ దాదాపుగా అయిపోయింది. ట్యాక్సీగా తిరిగేవాటికి కిలోమీటర్ల లెక్కన ఇంకా ముందే అయిపోతుంది. బీమా ఉంది కదా అంటే, మామూలు మోటార్ పాలసీలో మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల జాబితాలో ఉంటుంది. గుద్దుకుంటే డబ్బు వస్తుంది గానీ, ఉన్నచోట కంప్యూటర్ పోతే రాదు. ఇక మిగిలేవి రెండు దారులు: వడ్డీకి తేవడం, లేదా బండిని వచ్చినకాడికి వదిలించుకోవడం.

అమ్మిన మరునాటికి ఊళ్లో మాట సిద్ధంగా ఉంటుంది: “వీళ్లకు ఇచ్చినా నిలబెట్టుకోలేరు.” కులం తనకు కావలసిన రుజువులను ఇలాంటి చోటే ఏరుకుంటుంది. బండి ఎందుకు ఆగింది, నిజంగానే ఆ డబ్బా పోయిందా, పోయిందని ఎవరు ఏం చూసి తేల్చారు అని ఆ మాట అనేవాళ్లు అడగరు. మనం అడగాలి. అడగాలంటే ముందు విషయం తెలియాలి.

కోడ్ చెప్పేది ఎంత?

ఇంజన్‌లోకి ఎంత ఇంధనం పోవాలి, ఏ క్షణాన పోవాలి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలి అన్నవన్నీ ఈ కంప్యూటరే నిర్ణయిస్తుంది. గాలి, వేడి, క్రాంక్ తిరిగే వేగం, యాక్సిలరేటర్ మీద కాలు బరువు వంటివి సెన్సార్ల ద్వారా దానికి అందుతాయి. కాలుష్య ప్రమాణాలు బిగిసేకొద్దీ దాని పెత్తనం పెరిగింది. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అమలయ్యాయి. ఈ కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. స్కానర్‌ను అక్కడ తగిలిస్తే కోడ్ నంబర్లు వస్తాయి.

మోసమైనా పొరపాటైనా ఇక్కడే మొదలవుతుంది. థర్మామీటర్ జ్వరం ఉందని చెబుతుంది గానీ, అది మలేరియానా టైఫాయిడా అన్నది చెప్పదు. కోడ్ కూడా అంతే. ఉదాహరణకు యు0100 అనే కోడ్ వస్తే, మిగతా యూనిట్లకు ఇంజన్ కంప్యూటర్ నుంచి జవాబు అందడం లేదని అర్థం. కంప్యూటర్ చచ్చిపోయి ఉండొచ్చు. దానికి కరెంటు అందించే ఫ్యూజు పోయి ఉండొచ్చు. ఎలుక కొరికిన తీగ కావచ్చు. మూడింటికీ కోడ్ ఒకటే, ఖర్చు మాత్రం ఒకటి కాదు. ఫ్యూజు పదుల రూపాయల్లో దొరుకుతుంది.

ఈ కంప్యూటర్లు నిజంగా పోవడమూ ఉంది. లోపలికి నీళ్లు దిగితే పోతాయి. బ్యాటరీ తీగలు తారుమారుగా తగిలించినా, బ్యాటరీ విప్పకుండా బాడీకి వెల్డింగ్ చేసినా పోవచ్చు. ఇగ్నిషన్ కాయిలో ఇంజెక్టరో షార్ట్ అయితే, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ లోపల కాలిపోతుంది. ఏళ్ల తరబడి వేడి, కుదుపులు తగిలి టంకం వదులుతుంది. అయినా పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ కంప్యూటర్‌ను చివర అనుమానిస్తాడు. మిగతావన్నీ చౌకలో, తొందరగా పరీక్షించగలిగేవి కాబట్టి.

పోయిందని ఒప్పుకునే ముందు

ఈ పరీక్షల్లో చాలావాటికి ఒక మల్టీమీటర్, కాస్త ఓపిక చాలు. బండి యజమానులు, వాళ్లకు అండగా వెళ్లే కార్యకర్తలు వీటిని గుర్తుంచుకుంటే కౌంటర్ దగ్గర మాట మారుతుంది.

మొదటిది బ్యాటరీ. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులకు దగ్గరగా, నడుస్తున్నప్పుడు చాలా బండ్లలో 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 వోల్టుల కంటే బాగా కిందికి జారితే కంప్యూటర్ మధ్యలోనే నిద్రపోయి, అర్థంపర్థం లేని కోడ్లు వేస్తుంది. అలాంటప్పుడు తప్పు బ్యాటరీది, నింద కంప్యూటర్‌ది.

రెండోది దానికి అందే కరెంటు, ఎర్త్. ఫ్యూజులు, మెయిన్ రిలే చూసి, కంప్యూటర్ కనెక్టర్ దగ్గరే వోల్టేజీ కొలవాలి. ఎర్త్ తీగకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య, లోడ్ ఉన్నప్పుడు, సుమారు 0.1 వోల్టుకు మించి తేడా ఉండకూడదు. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు చేసే అల్లరి అంతా ఇంతా కాదు. కనెక్టర్ విప్పినప్పుడు పిన్నుల మీద పచ్చని చిలుము, తేమ ఉన్నాయేమో కూడా చూడాలి.

మూడోది 5 వోల్టుల లైన్. చాలా సెన్సార్లకు కంప్యూటర్ నుంచి 5 వోల్టులు వెళ్తాయి. ఆ లైన్ మీద ఒక్క సెన్సార్ షార్ట్ అయినా వోల్టేజీ పడిపోయి, నాలుగైదు సెన్సార్ల కోడ్లు ఒకేసారి వస్తాయి. చూసినవాళ్లకు కంప్యూటర్ మొత్తం పోయిందనిపిస్తుంది. సెన్సార్లను ఒక్కొక్కటే విప్పుతూ మీటర్ చూడాలి. ఏది విప్పగానే 5 వోల్టులు తిరిగొస్తే దొంగ అదే. అన్నీ విప్పి, తీగలు కూడా బాగున్నాయని తేలి, కరెంటు, ఎర్త్ సరిగా ఉన్నా 5 వోల్టులు రాకపోతే అప్పుడు కంప్యూటర్ మీద అనుమానం న్యాయమైనది.

నాలుగోది యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు. క్యాన్ లైన్ అంటారు. బ్యాటరీ విప్పి, చాలా కార్లలో సాకెట్ 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే 60 ఓమ్‌లకు దగ్గరగా రావాలి. 120 వస్తే ఎక్కడో తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

చివరిది కంప్యూటర్ తన మీద తాను చెప్పుకునే సాక్ష్యం. పి0601, పి0604, పి0605, పి0606 కోడ్లు లోపలి మెమరీ, ప్రాసెసర్ లోపాలను చూపిస్తాయి. పైవన్నీ బాగుండి, కోడ్లు చెరిపిన తర్వాత కూడా ఇవే మళ్లీ వస్తుంటే డబ్బా నిజంగా దెబ్బతిన్నదని నమ్మొచ్చు. అప్పుడైనా ఎందుకు దెబ్బతిన్నదో తేలాలి. షార్ట్ అయిన కాయిల్‌ను అలాగే ఉంచి కొత్త కంప్యూటర్ వేస్తే, ఆ కొత్తదీ కాలిపోతుంది. రెండో బిల్లు కూడా యజమానికే వస్తుంది.

కాబట్టి కౌంటర్ దగ్గర అడగాల్సిన మొదటి మాట “తగ్గించండి” కాదు. “ఏ కోడ్ వచ్చింది, ఏమేం కొలిచారు, కాగితం మీద రాసివ్వండి” అని అడగాలి. రాసివ్వడానికి వెనకాడేవాళ్లు పరీక్షించే ఉంటారని నమ్మడం కష్టం.

మార్చడంలో ఉన్న మడత పేచీ

పాత రోజుల్లో కార్బురేటర్ పోతే ఇంకో బండిది తెచ్చి బిగించేవాళ్లు. ఇప్పుడు అలా కుదరదు. కొత్త కంప్యూటర్ పార్ట్ నంబరు కలవాలి. ఆ మోడల్‌కు సరిపడే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. చాలా బండ్లలో ఛాసిస్ నంబరు రాయాలి. దొంగతనం నుంచి కాపాడే ఇమ్మొబిలైజర్‌తో, తాళంచెవిలోని చిప్‌తో జత కలపాలి. చాలా కామన్ రైల్ డీజిల్ బండ్లలో ఒక్కో ఇంజెక్టర్ మీద ఉన్న కోడ్‌ను కూడా నమోదు చేయాలి. వీటిలో ఏది తప్పినా బండి స్టార్ట్ కాదు, అయినా సరిగా నడవదు.

ఈ పనులకు కంపెనీ స్కానర్, దానికి కంపెనీ సర్వర్‌లోకి లాగిన్ కావాలి. ఆ లాగిన్ డీలర్ దగ్గర ఉంటుంది. మన ఊరి మెకానిక్ జబ్బును సరిగ్గా పట్టుకున్నా, డబ్బాను సరిగ్గా బిగించినా, చివరి అడుగు దగ్గర చేతులెత్తేయాల్సి వస్తుంది. బండి ఆర్సీ మన పేరు మీదే ఉంటుంది, తాళం కంపెనీ దగ్గర ఉంటుంది.

బయట వేరే దారులు లేకపోలేదు. నగరాల్లో కొందరు నిపుణులు డబ్బా తెరిచి, కాలిన ట్రాన్సిస్టర్ మార్చి, టంకం తిరిగి పెట్టి బాగుచేస్తారు. పాత కంప్యూటర్‌లోని డేటాను అదే పార్ట్ నంబరున్న సెకండ్ హ్యాండ్ డబ్బాలోకి యథాతథంగా ఎక్కించేవాళ్లూ ఉన్నారు. పని తెలిసినవాళ్లు చేస్తే కొత్తదాని ధర కంటే చాలా తక్కువలో అయిపోతుంది. అయితే కంపెనీ సమాచారం అందక, ఎవరో బయటపెట్టిన ఫైళ్లతో, నకిలీ స్కానర్లతో నెట్టుకొస్తున్న పని ఇది. నైపుణ్యాన్ని చీకట్లోకి నెట్టి, తర్వాత చీకట్లో పనిచేస్తున్నారని తప్పుపట్టడం మనకు కొత్త అనుభవం కాదు.

కాగితం మీద హక్కు

ఈ తాళం చట్టబద్ధమేనా అన్న ప్రశ్న ఎప్పుడో తలెత్తింది. ఒక వినియోగదారు 2011లో చేసిన ఫిర్యాదుతో మొదలైన కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఆదేశం ఇచ్చింది. విడిభాగాలను, డయాగ్నస్టిక్ పరికరాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. వాటిని బయటి షెడ్లకూ అందుబాటులోకి తేవాలంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఏళ్లు గడిచాయి. షెడ్డు దాకా వచ్చింది మాత్రం ఏమీ లేదు.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. 2025లో మరో కమిటీ, వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో చెప్పే సూచీపై నివేదిక ఇచ్చింది. అది ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల గురించి. వినియోగదారు అనగానే ఢిల్లీకి గుర్తొచ్చేది ఫోన్ పగిలిన మధ్యతరగతి మనిషి. బండి ఆగితే ఇల్లు ఆగే మనిషి ఆ వరుసలో ఇంకా వెనకే ఉన్నాడు.

భద్రత, దొంగతనం, కాలుష్యం అనే మూడు కారణాలను కంపెనీలు ముందుకు తెస్తాయి. ఇవి కొట్టిపారేసేవి కావు. తాళంచెవి డేటా ఎవరికిపడితే వారికి ఇస్తే దొంగల పని సులువవుతుంది. కానీ దీనికి పరిష్కారం వేరే చోట్ల దొరికింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో మరమ్మతు హక్కు చట్టం తెచ్చింది. అక్కడ ఇమ్మొబిలైజర్ సమాచారాన్ని, వివరాలు సరిచూసి నమోదు చేసుకున్న స్వతంత్ర నిపుణులకు ఇచ్చే ఏర్పాటు ఉంది. యూరప్‌లో యూరో 5, యూరో 6 కాలుష్య ప్రమాణాలు తెచ్చిన 2007 నాటి నిబంధనే, మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర షెడ్లకు ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. మన బీఎస్6కు నమూనా ఆ యూరో ప్రమాణాలే. పరిమితులు మన ఊరి రోడ్డు దాకా వచ్చాయి. షెడ్డుకు రావాల్సిన హక్కు దారిలోనే ఆగింది.

కాగితం మీద హక్కు ఉండి చేతికి అందకపోవడం అంటే ఏమిటో ఈ పాఠకులకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ప్రభుత్వ చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. అయినా 1927లో అంబేద్కర్ నాయకత్వంలో మహాడ్ చవదార్ చెరువు దాకా నడిచి, నీళ్లు దోసిట్లోకి తీసుకుని తాగాల్సి వచ్చింది. మనిషి గౌరవం కోసం జరిగిన ఆ పోరాటంతో ఏ యంత్రం గొడవనూ సమానం చేయలేం. ఆదేశం వచ్చినంత మాత్రాన హక్కు దానంతటదే నడిచి రాదన్న పాఠం మాత్రం ఇక్కడా పనికొస్తుంది.

షెడ్డులో పెరిగిన చదువు

ఈ తాళం దెబ్బ బండి యజమాని ఒక్కడికే తగలదు. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని మండల కేంద్రంలోని రేకుల షెడ్డు దాకా, గ్రీజు చేతులతో పనిచేసేవాళ్లలో దళిత, ముస్లిం, వెనకబడిన కులాల పిల్లలే ఎక్కువగా కనపడతారు. చదువు మధ్యలో ఆగి, పదేళ్లు పానా పట్టుకుని నేర్చుకున్న విద్య వాళ్లది. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగలరు. ఇప్పుడు ఆ విద్యకు పైన లాగిన్, పాస్‌వర్డ్ అనే కొత్త మెట్టు ఒకటి వచ్చింది. ఒళ్లు వంచే పని కిందికి, డేటా చూసే పని పైకి అన్న ఏర్పాటు కార్ల రంగంలోకీ దిగింది. చేతిపనిని తక్కువ చేసి, తెలివిని కొందరి సొత్తు చేసిన సమాజంలో ఇది కొత్త పేరుతో వచ్చిన పాత మెట్టే.

ఐటీఐల్లో మోటార్ మెకానిక్ ట్రేడ్ ఉంది, అందులో ఎస్సీ రిజర్వేషనూ ఉంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. వాటిలో మన పిల్లవాడికి బీఎస్6 కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టి పరీక్షించే అవకాశం ఉందా, ఇమ్మొబిలైజర్ జతచేసే పని నేర్పుతున్నారా అన్నది విద్యార్థి సంఘాలు వెళ్లి చూడాల్సిన విషయం.

ఏం అడగాలి

చేతిలో ఉన్న ఆయుధాలతో మొదలుపెట్టొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, వ్యాపారం కోసం కొన్నవాళ్లను వినియోగదారులుగా లెక్కించదు. కానీ స్వయం ఉపాధితో బతకడానికే కొన్న వస్తువును వ్యాపారం కింద తీసేయకూడదని అదే చట్టంలో వివరణ ఉంది. తన కారు తానే నడుపుకుని బతికే డ్రైవర్‌కు జిల్లా కమిషన్ తలుపు తెరిచే ఉందని దీనర్థం. చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడం ఈ చట్టం ప్రకారం అన్యాయ వ్యాపార పద్ధతి. పరీక్ష చేయకుండా మార్చిన డబ్బాకు కట్టిన డబ్బును సేవాలోపం కింద అడగొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. మార్చిన పాత కంప్యూటర్‌ను తిరిగి అడిగి తీసుకోవాలి. రేపు సాక్ష్యం అదే.

ఒక్కొక్కరుగా కేసులు వేస్తే సరిపోదు. ప్రభుత్వం లబ్ధిదారుల పేరు మీద కంపెనీల దగ్గర పెద్ద సంఖ్యలో బండ్లు కొనిపించింది. అంత పెద్ద కొనుగోలుదారు పెట్టగలిగే షరతులు ఉన్నాయి. ఇకపై ఏ పథకం కింద బండి ఇచ్చినా, ఇంజన్ కంప్యూటర్‌కు కనీసం ఐదేళ్ల వారంటీ, జిల్లాకు ఒక బయటి సెంటర్‌కు కంపెనీ స్కానర్ లాగిన్ ఇవ్వాలన్న షరతు కొనుగోలు ఒప్పందంలోనే రాయాలి. దళిత బంధులో లబ్ధిదారు వాటాకు ప్రభుత్వ వాటా కలిపి దళిత రక్షణ నిధి పెట్టింది ఆపదలో ఆదుకోవడానికే. బతుకుతెరువు ఆగడం ఆపద కాకపోతే ఇంకేది ఆపద? ఆ నిధిలో జిల్లాల వారీగా ఎంత జమైంది, ఎవరికి ఎంత ఇచ్చారు అని సమాచార హక్కు కింద దరఖాస్తులు పడాలి.

తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉప ప్రణాళిక చట్టం ఎస్సీల డబ్బు ఎస్సీలకే ఖర్చు కావాలంటున్నాయి. జిల్లాకు ఒక డయాగ్నస్టిక్ కేంద్రం, అందులో పది మంది దళిత మెకానిక్కులు, వాళ్ల చేతిలో అసలు స్కానర్ అంటే ఈ నిధుల ముందు పెద్ద ఖర్చేమీ కాదు. బండి యజమానికి నిజం తెలుస్తుంది, మెకానిక్‌కు విద్య దక్కుతుంది.

పథకాలు ప్రకటించే రోజున తాళంచెవుల గుత్తి నాయకుడి చేతి నుంచి లబ్ధిదారు చేతికి మారుతుంది, ఫొటో పడుతుంది. ఆ గుత్తిలో ఒక తాళంచెవి ఎప్పుడూ తక్కువే. దాన్ని కూడా అడిగి తీసుకునే దాకా ఆ బండి సగమే మనది.